నలభై రెండు ఇళ్ల కాయితాలు

కెజియా ఆ కాయితాలు నింపింది ఎర్రవాడిలో కాదు. బీదర్ మంగళ్‌పేటలో, చర్చి వెనక సండే స్కూలు గదిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. పిల్లలంతా వెళ్లిపోయాక తలుపు దగ్గరికి వేసి, వాళ్లు కూర్చునే పొట్టి బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. మూడు గంటల్లో నలభై రెండు ఇళ్ల సంగతి రాసేసింది.

ఎర్రవాడి సంతపూర్ నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి, పొలాల మధ్య ఉన్న చిన్న వాడ. తాతల కాలం నుంచీ అక్కడే ఉంటున్న తెలుగు రైతులు. కరెంటు స్తంభాలు ఆ వాడ దాకా రాలేదు. హైదరాబాద్‌లోని ఒక సంస్థ అంతకు ముందు ఏడాది చంద్రప్ప పొలం గట్టున సోలార్ పలకలు నిలబెట్టింది. పక్కన రేకుల గది కట్టి, అందులో బ్యాటరీలు పెట్టి, ఇంటింటికీ తీగ లాగింది. ఇంటికి రెండు బల్బులు, ఒక ప్లగ్గు. ఏడాది గడిచేసరికి ఆ ప్లగ్గు పుణ్యమా అని కొన్ని ఇళ్లలోకి మిక్సీలు వచ్చాయి, టీవీలు వచ్చాయి. కూలి పని చేసుకునే తాయవ్వ తన కుట్టు మిషనుకు మోటారు పెట్టించుకుంది. ఈలోగా బ్యాటరీలు అలసిపోయాయి. కొత్తవి తేవాలి. ఎన్ని తేవాలన్నదే సంస్థ ముందున్న ప్రశ్న.

కెజియాకు ముప్పై మూడేళ్లు. డిగ్రీ చదివింది. తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ మూడూ ధారాళంగా మాట్లాడుతుంది. ఆ సంస్థకు బీదర్‌లో ఉన్న చిన్న ఆఫీసులో ఆమెది ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఎర్రవాడి ఆడవాళ్లకు పగలే కరెంటు వాడుకునే అలవాటు నేర్పాలి, ఆ తర్వాత ఏ ఇంట్లో ఏది ఏ వేళప్పుడు వాడుతున్నారో అడిగి రాసుకు రావాలి. ఇదీ ఆమెకు అప్పగించిన పని.

మే నెలలో రేకుల గది ముందు మీటింగు పెట్టింది. ఆడవాళ్లంతా వచ్చారు.

"ఎండ ఉన్నప్పుడు పుట్టిన కరెంటు అప్పుడే వాడుకుంటే బ్యాటరీ మీద బరువు పడదు. పొద్దుగూకినంక ఏది వాడినా బ్యాటరీల ఉన్నదే ఖర్చయితది. అందుకని మిక్సీ, నీళ్ల మోటరు, ఇస్త్రీ, ఫోన్ల చార్జింగు అన్నీ పగలే చేసుకోండి. అట్లయితే సాయంత్రం దీపాలకు మిగుల్తది" అని చెప్పింది.

"మంచిది తల్లీ, గట్లనే చేస్తం" అంది చంద్రప్ప భార్య భాగీరథి. అందరూ తలలూపారు.

తాయవ్వ మాత్రం వెనక నుంచి అడిగింది. "పగలు ఇంట్ల ఎవరుంటరు కెజియమ్మా?"

"కొద్దిగ అలవాటు చేసుకోవాలె తాయక్కా" అని నవ్వింది కెజియా. ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయింది.

జూన్ మొదటి వారంలో మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగి కాయితాలు నింపాలి. సరిగ్గా ఆ వారంలోనే హైదరాబాద్ నుంచి చిన్నమ్మ కూతురు జాయ్ ఫోన్ చేసింది. మాదాపూర్‌లో ఒక పెద్ద సోలార్ కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారని, కన్నడ, తెలుగు రెండూ వచ్చినవాళ్లు కావాలంటున్నారని చెప్పింది. "ఇక్కడ వారానికో ఆఫీసు తెరుస్తున్నరక్కా. ఇప్పుడు రాకపోతే ఎప్పుడొస్తవు?" అంది. హైదరాబాద్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. మంగళ్‌పేటలో ప్రతి రెండో ఇంటి నుంచీ ఎవరో ఒకరు అక్కడికి వెళ్లిపోయారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల నడకే మారిపోయి ఉండేది. కెజియా ఒక్క రోజులో వచ్చేద్దామని బస్సెక్కింది.

మొదటి రోజు గాజు తలుపుల ఆఫీసులో సాయంత్రం దాకా కూర్చోబెట్టి, రేపు రమ్మన్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆమెకన్నా పదేళ్లు చిన్నదైన అమ్మాయి లోపలికి పిలిచి ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలు అడిగింది. కెజియాకు జవాబులు తెలుసు. నోట్లోంచి రావడానికే మొరాయించాయి. ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి థ్యాంక్యూ చెప్పింది. అంతే, అయిపోయింది.

తిరిగి బీదర్ చేరేసరికి శనివారం చీకటి పడింది. సోమవారం పొద్దున కాయితాలు ఆఫీసులో ఉండాలి.

ఒక్కో కాయితంలో పదహారు ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులో. ఆదివారం ఆ పొట్టి బెంచీ మీద కూర్చున్నప్పుడు కెజియా తనకు తాను చెప్పుకున్నది ఒక్కటే: అందరూ తలూపారు కదా. తలూపారంటే చేస్తున్నట్టే. తీగలు లాగినప్పటి పాత జాబితా చూసి పేర్లు రాసింది. తన ఇంట్లో తాను ఏ వేళకు ఏం చేస్తుందో తలుచుకుంటూ వాళ్లకు వేళలు రాసింది. పదకొండింటికి మిక్సీ, రెండింటికి ఇస్త్రీ. అన్నీ ఒకే పూట రాసినట్టు కనబడకూడదని రెండు పెన్నులు మార్చి మార్చి వాడింది. ఊళ్లో తిరిగిన కాయితాల్లా ఉండాలని ఒకదాని మూలన టీ చుక్క కూడా వేసింది. ఆ చుక్క వేస్తున్నప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, వేసింది.

బీదర్ ఆఫీసుకు పెద్ద శ్రీశైల్. కాయితాలు చూసి పొంగిపోయాడు. "మేడం, నూటికి తొంభై పాళ్లు పగటి వాడకమే! ఇంత తొందరగా మారిపోయినరా?" అన్నాడు. కింద సంతకం పెట్టి హైదరాబాద్ పంపాడు. అక్కడివాళ్లు ఆ లెక్క ప్రకారమే ఎర్రవాడికి సగం బ్యాటరీలు చాలనుకుని, మిగతా సగాన్ని హుల్సూర్ దగ్గర ఇంకో వాడకు కేటాయించారు. జూలైలో ఇక్కడివి ఇక్కడ, అక్కడివి అక్కడ బిగించేశారు. కాయితాల నకళ్ల కట్ట ఒకటి చంద్రప్ప ఇంటికి కూడా చేరింది. ఆయన ఊరి కరెంటు కమిటీకి పెద్ద. జూన్‌లో అందరూ పొద్దంతా చేలల్లోనే ఉన్నారు కాబట్టి, తాము లేనప్పుడు కెజియా వచ్చి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకుందనుకున్నారు.

ఆగస్టులో ముసురు పట్టింది. ఎర్రవాడిలో సాయంత్రం ఏడున్నరకల్లా దీపాలు ఆరిపోవడం మొదలైంది. పొలాల నుంచి ఆరింటికి ఇల్లు చేరి, పొయ్యి వెలిగించి, పప్పు ఉడికేలోపే చీకటి. ఇదివరకు పాత బ్యాటరీలతో కూడా ఇంత అన్యాయంగా లేదు. చంద్రప్ప ఆఫీసుకు ఫోన్ చేస్తే, అందరూ పగలే వాడుతున్నట్టు కాయితాల్లో ఉందన్నారు. శ్రీశైల్ కెజియాను పిలిచి, "ఎవరో సాయంత్రం పూట బాగా వాడేస్తున్నట్టున్నరు. మీరే పోయి నచ్చజెప్పండి, మీ మాటంటే వాళ్లకు గౌరవం" అన్నాడు.

కెజియా వెళ్లేసరికి చంద్రప్ప వాకిట్లో జనం చేరి ఉన్నారు. అందరూ చేలల్లో కలుపు తీసి వచ్చినవాళ్లే. కాళ్ల నల్ల బురద ఇంకా ఆరలేదు.

"ఇంతమందిమి రెండు బల్బులేసుకొని కూసుంటున్నం. మరి కరెంటు యాడికి పోతున్నది?" అన్నాడు చంద్రప్ప. "పొద్దుగూకినంక మోటరు తిరిగేది ఎవరింట్ల?"

జనం చూపులన్నీ ఒకేవైపు తిరిగాయి. తాయవ్వ గోడ పక్కన నిలబడి ఉంది. నలభై ఐదేళ్లుంటాయి. ఒంటరి మనిషి. పగలు కూలికి పోయి, వచ్చాక జాకెట్లు కుట్టుకుంటుంది.

"గంట, గంటన్నర కుట్టుకుంటున్న. గంతే" అంది తాయవ్వ. "గంతకే ఊరంత ఆరిపోతదా?"

"పగలే కుడతనని చెప్పి రాయించుకున్నవు కదా?" అన్నాడు చంద్రప్ప.

"నేనెప్పుడు చెప్పిన?"

చంద్రప్ప లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కట్ట తెచ్చాడు. ఊళ్లో కన్నడం చదివేవాళ్లు ఉన్నారు గానీ ఇంగ్లీషు చదివేవాళ్లు లేరు. కట్ట తెచ్చి కెజియా చేతిలో పెట్టాడు.

"నువ్వు రాసుకున్నయే కదమ్మా ఇవి. తాయవ్వ ఏం చెప్పిందో సదువు. నలుగురు ఇంటరు."

కెజియా కాయితాలు తిరగేసింది. తాయవ్వ కాయితం మూలన గుండ్రంగా నల్లటి మచ్చ నకలులోనూ అచ్చుపడి ఉంది. టీ చుక్క వేసింది దానిమీదే. ఇది నేను రాసింది, తాయక్క చెప్పింది కాదు అనడానికి అదే సమయం. చుట్టూ నలభై మంది. వాళ్లంతా తనను నమ్మి, నోరు తెరుస్తుందని చూస్తున్నారు.

"కుట్టు మిషను" అని చదివింది. "పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాక. చీకటి పడినంక వాడదు."

చర్చిలో వాక్యం చదివే అలవాటున్న గొంతు. ఎక్కడా తడబడలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆమెను ఎక్కువగా వెంటాడింది అదే, గొంతు తడబడకపోవడం.

తాయవ్వ చంద్రప్ప వైపు చూడలేదు. కెజియా వైపే చూసింది. "కెజియమ్మా, నేను గట్ల చెప్పిన్నా?"

"కాయితంల గట్లనే ఉన్నది తాయక్కా."

అబద్ధం కూడా కాదది. కాయితంలో అలాగే ఉంది.

"ఇగ ఏమంటవు?" అన్నాడు చంద్రప్ప. నెల రోజులపాటు తాయవ్వ ఇంటికి తీగ తీసేయాలని కమిటీ తీర్మానించింది. ఇద్దరు మగవాళ్లు నిచ్చెన వేసి, వెలుగు ఉండగానే తీసేశారు. కెజియా ఆఖరి బస్సు పేరు చెప్పి అక్కడి నుంచి బయటపడింది.

తాయవ్వ ఇంటికి కరెంటు ఆగినా దీపాలు ఏడున్నరకే ఆరిపోతూ వచ్చాయి. దొంగచాటుగా పక్కింటి తీగకు తగిలించుకుంటున్నదని కొందరన్నారట. ఈ మాట చంద్రప్ప ఫోన్లో శ్రీశైల్‌కు చెబితే, శ్రీశైల్ కెజియాకు చెప్పాడు.

వారం రోజులు కెజియా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. చివరికి భర్త జాషువాకు చెప్పింది. జాషువా పశువుల దవాఖానలో కంపౌండరు, నెమ్మదస్తుడు. ఆమె చెబుతున్నంతసేపూ అన్నం ముందు నుంచి లేవకుండా విన్నాడు. హైదరాబాద్, సండే స్కూలు గది, రెండు పెన్నులు, టీ చుక్క, అన్నీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

"హైదరాబాద్ పొమ్మని నేను గూడ అన్న. అది నా తప్పు కూడ" అన్నాడు జాషువా. పళ్లెం పక్కకు జరిపి, "కానీ నాతోటి చెప్తే ఏమయితది కెజియా? నీకు కొంచెం తేలికయితదేమో. ఆమె ఇంట్ల దీపమైతే వెలుగదు కదా" అన్నాడు.

ఆయన కోపంగా అన్నా బాగుండేదనిపించింది ఆమెకు. అయినా మర్నాడు ఎర్రవాడికి పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. జ్వరమని సెలవు పెట్టింది. పొద్దున లేవగానే ఈ రోజు పోతాను అనుకునేది. బస్సు వేళ దాటాక, రేపు అనుకునేది.

సెప్టెంబరు మొదట్లో వేరే ఊరి పని మీద సంతపూర్‌లో బస్సు దిగింది. బస్టాండు బెంచీ మీద తాయవ్వ కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డ మూట. తప్పించుకుని పోదామనుకునేలోపే ఆమె చూసేసింది. జరిగి పక్కన చోటిచ్చింది.

"కూసో కెజియమ్మా. జరమొచ్చిందంట కదా. తగ్గిందా?"

"తగ్గింది. ఎటు పోతున్నవు?"

"జనవాడకు. జాకెట్ల గుడ్డలు ఎవరివి వాళ్లకిచ్చొస్త. చెప్పిన రోజుకు ఇయ్యలేకపోయిన. గుడ్డి దీపం ముంగట సూదిల దారమే ఎక్కుతలేదు." మూట ముడి సవరించుకుంది. గొంతు తగ్గించి, "నేనే నీ దగ్గరికి రావాలనుకున్న" అంది.

తెలిసిపోయిందనుకుంది కెజియా. తెలిసిపోతే బాగుండునని కూడా అనుకుంది.

"నలుగురిల నీకు మాట తెచ్చిన బిడ్డా" అంది తాయవ్వ. "నువ్వు రాసింది అబద్ధమన్నట్టు మాట్లాడిన. తర్వాత శానా ఆలోచన చేసిన. కాయితం అబద్ధమెందుకు చెప్తది? నేనే చెప్పి ఉంట. పని తొందరల ఏదో ఒకటని ఉంట. ఈ నడుమ మతి సరిగుంటలేదు నాకు. నువ్వొచ్చి నా ఇంట్ల కూసున్నది గూడ యాదికొస్తలేదు, చూడు."

కెజియా ఆ మూట వైపే చూస్తూ కూర్చుంది. బీదర్ పోయే బస్సు వచ్చి ఆగింది. తాయవ్వ మూట సంకలో పెట్టుకుని లేచింది. "మనసుల పెట్టుకోకు" అని కెజియా భుజం తట్టి బస్సెక్కింది.

బస్సు కదిలి, జనవాడ దారి పట్టి, కనుమరుగయ్యే దాకా కెజియా లేవలేకపోయింది. ఆ మనిషి తీగ తీయించినందుకే ఇన్నాళ్లూ సిగ్గుపడింది. ఇప్పుడు తాయవ్వకు తన మతి మీదే నమ్మకం పోయింది. అది కూడా కెజియా పనే. కెజియా ఎన్నడూ వెళ్లని ఇంట్లో, కెజియా కూర్చున్న జ్ఞాపకం కోసం ఆమె ఒక్కతే వెతుక్కుంటున్నది.

వచ్చిన పని చేయకుండా తర్వాతి బస్సులో తిరిగి బీదర్ వెళ్లి, నేరుగా శ్రీశైల్ ఎదుట నిలబడి చెప్పేసింది.

"ఇప్పుడు ఇది ఎవరడిగినరు మేడం మిమ్మల్ని?" అన్నాడు శ్రీశైల్. "మిగతా బ్యాటరీలు హుల్సూర్ దిక్కు బిగించేసినం. వాటిని ఊడబీకుతమా? కింద సంతకం నాది. మబ్బులని చెప్దాం. దసరాకల్లా ఎండలొస్తయి."

"ఎండలొచ్చినా బ్యాటరీలు పెరుగవు కదా సర్."

"పెరుగవు" అని ఒప్పుకున్నాడు. ముఖం రుద్దుకున్నాడు. "నాకు తెలియదని మాత్రం చెప్పండి."

"మీకు తెలియదు. అది కూడా చెప్తా."

మర్నాడు సాయంత్రం చంద్రప్ప వాకిట్లోనే మళ్లీ జనాన్ని పిలిపించింది. కూర్చోమంటే కూర్చోలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయి, చిన్న మాటలే మిగిలాయి.

"జూన్ల నేను మీ ఇండ్లకు రాలేదు. వేరే ఉద్యోగం కోసం హైదరాబాద్ పోయిన. ఈ కాయితాలన్నీ మా చర్చిల కూసొని నేనే రాసుకున్న. మీరెవ్వరూ ఏమీ చెప్పలేదు. వీటిని చూసే బ్యాటరీలు సగం పంపినరు. మా సార్‌కు గూడ ఈ సంగతి తెల్వదు. తాయక్క తప్పేం లేదు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. చంద్రప్ప రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. అర్థమయ్యాక ఆయన ముఖం నల్లబడింది. లోపలి నుంచి కట్ట తెచ్చి, మొన్నటిలాగే ఆమె చేతిలో పెట్టాడు.

"సదువు."

"మామా, అన్నీ అబద్ధాలే..."

"గందుకే సదువుమంటున్న. మా గురించి ఏం రాసినవో మేం ఇనొద్దా? ఒక్కటి విడవకుండ సదువు."

కెజియా చదవడం మొదలుపెట్టింది. జగదేవి అనే కోడలి ఇంట్లో మధ్యాహ్నం రెండింటికి ఇస్త్రీ అని చదవగానే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇస్త్రీ పెట్టెనా? మా ఇంట్లనా? అత్తమ్మా, యాడ దాసిపెట్టినవే?" అంది. జనం ఘొల్లుమన్నారు. భాగీరథి ఇంట్లో పదకొండింటికి మిక్సీ. "పదకొండుకు నేను చేన్ల ఉంట తల్లీ. మిక్సీని గూడ ఎంబడి తీస్కపోతున్నట్టున్న" అంది ఆమె. మళ్లీ నవ్వారు. ఆ నవ్వు తిట్లకన్నా కష్టంగా ఉంది కెజియాకు. ఒక్కో ఇల్లూ తనది కాని బతుకును విని నవ్వుతోంది. వాళ్ల గురించి ఎంత తెలియకుండా రాసిందో తన గొంతుతోనే తనకు వినబడుతోంది.

ఇరవై ఆరో కాయితం దగ్గర ఆగిపోయింది.

"ఎవరిది?" అన్నాడు చంద్రప్ప.

"హన్మయ్య మామది."

హన్మయ్య ముసలి రైతు. అరుగు చివర కూర్చుని ఉన్నాడు. "సదువమ్మా."

"వద్దు మామా."

"అందరిది సదివినవు. మాది ఎందుకు ఆపుతున్నవు?"

"జవాబు చెప్పినవారు" అని చదివింది కెజియా. గొంతు ఈసారి నిలవలేదు. "అంబమ్మ. మిక్సీ, పదకొండు గంటలకు."

నవ్వులు ఆగిపోయాయి. అంబమ్మ హన్మయ్య భార్య. ఏప్రిల్‌లో చనిపోయింది. కెజియా పాత జాబితాలో చూసి ఆ పేరు రాసింది. ఆ ఇంటి గడప ఒక్కసారి తొక్కి ఉంటే తెలిసేది.

"జూన్ల చెప్పిందా ఆమె?" అన్నాడు హన్మయ్య. వెటకారమేమీ లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగినట్టు అడిగాడు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, కర్ర తీసుకుని, మెల్లగా ఇంటికి వెళ్లిపోయాడు.

"ఆపకు" అన్నాడు చంద్రప్ప.

ఇంకా పదహారు ఇళ్లు ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. కెజియా వాటిని చదువుకుంటూ పోయింది. ఆఖరున తాయవ్వది చదివింది.

తాయవ్వ ఆడవాళ్ల మధ్య నుంచి ముందుకు వచ్చింది. "నేను చెప్పలేదు" అంది.

"చెప్పలేదు అక్కా."

"నువ్వు అడుగనే లేదు."

"అడుగలేదు. నేను నీ ఇంటికే రాలేదు."

"నిన్న సంతపూర్‌ల నా పక్కన కూసున్నప్పుడు గూడ నీకు ఎరుకే."

"ఎరుకే."

తాయవ్వ కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. కొడుతుందేమో అనుకున్నారు అందరూ. "అయితే నా మతి మంచిగనే ఉన్నది" అంది తనలో తాను అనుకుంటున్నట్టు. వెనక్కి తిరిగి, పాలు పిండడానికి తన ఇంటి ముందు కట్టేసిన గొడ్డు దగ్గరికి వెళ్లిపోయింది.

చంద్రప్ప ఎవరినీ పిలవలేదు. తానే నిచ్చెన మోసుకుని పోయి తాయవ్వ ఇంటి గోడకు వేసి తీగ కలపసాగాడు. ఆయనకు ఆ పని చేతగాదు. చాలాసేపు పట్టింది. తాయవ్వ పాలు పిండుకుంటూ అటు చూడనే లేదు.

దిగి వచ్చాక కెజియాతో, "కాయితాలు మళ్ల రాయాలె. ఎవరు రాస్తరు?" అన్నాడు.

"ఆఫీసు వేరే మనిషిని పంపుతది మామా. నన్ను తీసేస్తరు."

"తీసేస్తే తీసేయనీ. మా ఇండ్లల్ల ఏమున్నదో తెల్వకుండ రాసింది నువ్వు. తెలుసుకొని రాసేది గూడ నువ్వే. ఒక్కొక్క ఇంట్ల కూసొని రాయి."

ఆఫీసు ఆమెను నిజంగానే తీసేసింది. శ్రీశైల్‌ను కూడా హైదరాబాద్ పిలిపించి మందలించారు. ఆయన ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. కానీ కొత్త కాయితాలు వస్తే పైకి పంపుతానని చంద్రప్పకు మాటిచ్చాడు.

కెజియా పొద్దున మొదటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లేది. సోయా కోతల కాలం. పొద్దున ఎనిమిదికల్లా వాడ అంతా ఖాళీ. పడుచువాళ్లెవరూ ఇళ్లలో ఉండరు. మళ్లీ ఆరింటికి, అందరికీ ఒకేసారి అన్ని పనులూ. మే నెలలో తాయవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు ఊరంతా పరుచుకుని ఉంది. వాళ్లతో పాటు చేలకు వెళ్లింది. గట్ల మీద కూర్చుని అడిగి రాసుకుంది. కొందరు చెప్పారు. కొందరు, "నీకు తోచింది రాసుకోపో, అలవాటే కదా" అన్నారు. మళ్లీ మర్నాడు వెళ్లి అడిగింది.

అలా అడగ్గా అడగ్గా కొన్ని పనులు నిజంగానే పగటికి జరపవచ్చని తేలింది. తాగునీళ్ల మోటారు మధ్యాహ్నం ఎండలో తిప్పి తొట్టి నింపి పెడితే సాయంత్రం ఎవరూ దాన్ని వేయనక్కరలేదు. ఫోన్లు పొద్దున చేనుకు పోతూ రేకుల గదిలో పెట్టి పోవచ్చు. కాళ్ల నొప్పులతో ఇంటిపట్టునే ఉండే జగదేవి అత్త చూసుకుంటానంది. జొన్నలు పట్టించడానికి సంతపూర్ దాకా మోసుకుపోయే బదులు, రేకుల గది పక్కనే చిన్న పిండి గిర్నీ పెట్టి పగలు నడపవచ్చని భాగీరథి చెప్పింది. వంట, టీవీ, పిల్లల చదువు, తాయవ్వ కుట్టు, ఇవి ఎటూ జరగవు. జరగవనే రాసింది కెజియా.

హన్మయ్య మొదటి మూడుసార్లు తలుపు తీయలేదు. నాలుగోసారి తీశాడు. "మాకు మిక్సీ లేదు. ఆమె ఉన్నప్పుడు గూడ లేదు. రోట్లెనే నూరేది" అన్నాడు. ఒక్క బల్బు చాలన్నాడు. పేరు ఎవరిది రాయాలో తానే చెప్పాడు.

తాయవ్వ ఇంటి ముందు నుంచి కెజియా చాలాసార్లు నడిచింది గానీ ఆగలేదు. ఒకరోజు లోపలి నుంచి మోటారు చప్పుడు ఆగి, మాట వినబడింది. "నా ఇల్లు ఇడిచిపెడ్తున్నవా ఈసారి?"

కెజియా గడప బయటే నిలబడింది. తాయవ్వ లోపలికి రమ్మనలేదు. అడిగినవాటికి మిషను మీద నుంచి తల ఎత్తకుండా జవాబులు చెప్పింది. పదహారు ప్రశ్నలకు పదహారు జవాబులు. అయ్యాక మళ్లీ మోటారు వేసుకుంది. కెజియా క్షమించమని అడగాలనుకుంది. మిషను చప్పుడు మీదుగా గొంతు పెంచి అడగాల్సిన మాట కాదది. అడగకుండానే వచ్చేసింది.

ఆ ఏడాది డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఇంకొన్ని బ్యాటరీలు వచ్చాయి. అడిగినన్ని రాలేదు. అయినా నీళ్ల మోటారు, ఫోన్లు పగటికి జరిగాయి కాబట్టి దీపాలు పది దాకా వెలగసాగాయి. గిర్నీ కూడా పెట్టారు. ప్రారంభించే రోజు సాయంత్రం కెజియాను తప్పకుండా రమ్మని చంద్రప్ప ఫోన్ చేశాడు. "అందరొస్తున్నరు. నువ్వు గూడ రావాలె" అన్నాడు. తాయవ్వ వస్తుందో లేదో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

చీకటి పడుతుందని జాషువా వద్దన్నా వినకుండా ఉతికిన చీర కట్టుకుని బస్సెక్కింది. సంతపూర్‌లో దిగేసరికి పొద్దు వాలింది. ఎర్రవాడి పోయే ఆటోవాడు రెండుసార్లు కేకేశాడు. తాయవ్వను ఇంకా క్షమించమని కూడా అడగకుండా ఆ సంబరంలో నిలబడబుద్ధి కాక, ఆమె చెయ్యి ఊపి పొమ్మంది. బస్టాండు వెనక మట్టి దిబ్బ మీదికి ఎక్కి నిలబడితే కోసిన చేలకు అవతల ఎర్రవాడి కనబడుతుంది. మసక చీకట్లో ఒక్కొక్కటే దీపాలు వెలిగాయి. ఏ దీపం ఎవరిదో ఇప్పుడు ఆమెకు తెలుసు.

బీదర్ బస్సు వచ్చేదాకా అక్కడే ఉండి, ఎక్కి ఇంటికి వచ్చేసింది.

"పోయొచ్చినవా?" అన్నాడు జాషువా.

"సంతపూర్ దాక పోయిన."

"ఊళ్లెకు పోలేదా?"

"పోలేదు" అంది. చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.